ఈ వారం సమస్య: పిరికిమందు పోసి వీరుఁ జేసె

నిర్వాహకుడు:
బెంగళూరులోని పద్యప్రియులందరికీ నమస్కారం. ఈ వారం ఆటవెలది పద్యానికి నాలుగో పాదం ఇస్తున్నాను, దానికి అర్థం పొసగేలా ముందున్న మూడు పాదాలూ మీరు పూరించాలి.

పిరికిమందు పోసి వీరుఁ జేసె

ఇక్కడి ఆఫీసుల్లో మనవాళ్ల నోట ఎన్‌కరేజ్ చేయడం, మోటివేట్ చేయడం, బూస్ట్ ఇవ్వడం, కాన్ఫిడెన్స్ పెంచడం అన్న మాటలు నిత్యం వినబడతాయి. అవన్నీ చేసే పనికి పేర్లు. కుంగిపోయిన మనిషి పక్కన కూర్చున్నప్పుడు ఏ మాట అన్నారు, అది అతని మనసులో ఎలా పనిచేసింది అన్నది వేరే సంగతి. మీ పూరణల్లో అది కనబడాలని నా కోరిక. కొత్తవారి కోసం: 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. 2, 4 పాదాల్లో ఐదూ సూర్యగణాలే (గణమంటే గురులఘువుల గుంపు). నాలుగో గణం మొదటి అక్షరానికి యతి, అంటే పాదం మొదటి అక్షరంతో మైత్రి. సమస్యలో పి, వీ లకు యతి కుదిరింది.

జయనగరం నుంచి:
కర్ణపర్వంలోని హంసకాకీయం ఆధారంగా నా పూరణ.

శల్యుఁ డాడు నుడులు శరములై తాఁకఁగాఁ
గాకి కథను వినిన కర్ణుఁ డపుడు
విల్లు నెక్కుపెట్టి బెబ్బులై నిలిచెను
పిరికిమందు పోసి వీరుఁ జేసె.

నిర్వాహకుడు:
మంచి ఎత్తుగడ. కర్ణుడి తేజస్సు తగ్గించమని ధర్మరాజు ఉద్యోగపర్వంలోనే శల్యుణ్ణి కోరాడు. ఆ మాట నిలబెట్టుకోవడానికే శల్యుడు కర్ణుడి సారథిగా రథం మీద కూర్చుని, ఎంగిళ్లు తిని బలిసిన కాకి హంసతో పందెం వేసి సముద్రం మీద అలసిపోయిన కథ చెప్పాడు. కర్ణుడు అణగిపోలేదు, శల్యుడు ఏలే మద్రదేశాన్నే తిట్టిపోశాడు. కనుక భావానికి మూలంలో ఆధారం ఉంది. ఒక్కటే చిక్కు: చివరి పాదానికి కర్త ఎవరు? 'శల్యుఁ డాడు నుడులు' అన్నచోట శల్యుడు నుడులకు విశేషణంలో చిక్కుకుపోయాడు. అంతకు ముందున్న క్రియ కర్ణుడిది కావడంతో, చదివేవారు కర్ణుడే ఎవరికో మందు పోశాడని అనుకుంటారు. ఇలా చూడండి:

మద్రరాజు నుడులు మర్మముల్ తాఁకఁగాఁ
గాకి కథను వినిన కర్ణుఁ డపుడు
విల్లు నెక్కుపెట్టె; వింతగా శల్యుండు
పిరికిమందు పోసి వీరుఁ జేసె.

జయనగరం నుంచి:
చాలా బాగుంది గురువుగారూ. 'బెబ్బులి' పోయినందుకు కొంచెం బాధగా ఉంది కాని, అన్వయం కుదిరింది.

హెబ్బాళ నుంచి:
తేరు వీడి పాఱు ధీరత లేనట్టి
యుత్తరుఁ గని పార్థుఁ డూఱడించి
పేర్లు పదియుఁ జెప్పి పెనుదిగుల్ పోఁగొట్టి
పిరికిమందు పోసి వీరుఁ జేసె.

జయనగరం నుంచి:
అక్కా, పద్యం హాయిగా నడిచింది. కాని పిరికిమందు అంటే పిరికితనం ఎక్కించే మాటలని కదా వాడుక? మీరు పిరికితనం పోగొట్టే మందు అంటున్నారు.

హెబ్బాళ నుంచి:
జ్వరం మందు జ్వరాన్ని తగ్గించేదే కదా తమ్ముడూ! వాడుకను అలా తిప్పితేనే సమస్య విడుతుంది.

నిర్వాహకుడు:
ఆ విరుపు నాకు నచ్చింది. అంతకంటే 'పేర్లు పదియుఁ జెప్పి' అన్నది మరీ నచ్చింది. బృహన్నల తానే అర్జునుణ్ణి అంటే ఉత్తరుడు నమ్మలేదు. పది పేర్లూ చెప్పమన్నాడు, అవి ఎందుకు వచ్చాయో కూడా అడిగాడు. అర్జునుడు ఒక్కొక్క పేరుకూ కారణం చెప్పాడు. భయపడవద్దని ఎంత చెప్పినా కలగని నమ్మకం ఆ పది పేర్లతో కలిగింది.

కొత్త సభ్యురాలు, మల్లేశ్వరం నుంచి:
అక్కగారి పద్యం చూశాక మా బామ్మ గుర్తుకొచ్చింది. ఇది నా తొలి ప్రయత్నం, తప్పులుంటే చెప్పండి.

బామ్మ చెప్పినట్టి ధైర్యపు మాటలు
ఉరుము వేళ నాకు నూఱటయ్యె
ఫల్గునాఖ్య తలచి భయమును విడిచితి
పిరికిమందు పోసి వీరుఁ జేసె.

నిర్వాహకుడు:
స్వాగతం తల్లీ. గణాలన్నీ సరిపోయాయి, తొలి పద్యానికి అది చిన్న విషయం కాదు. మొదటి పాదంలో బా, ధై లకు యతి లేదు. 'బామ్మ చెప్పినట్టి పార్థునామము లెల్ల' అంటే బా, పా లకు కుదురుతుంది. గమనించు, దీనితో భావమూ బాగుపడింది. 'ధైర్యపు మాటలు' అంటే ఏ మాటలో తెలియదు. పార్థుడి పేర్లు అనగానే, ఉరిమినప్పుడు పిల్లలచేత 'అర్జునా, ఫల్గుణా' అనిపించే ప్రతి తెలుగు ఇల్లూ కళ్ల ముందుకు వస్తుంది. ఉత్తరుడికి పనికొచ్చిన మందునే మీ బామ్మ నీకూ పోసింది. 'వీరుఁ' పుంలింగం గనుక, మూడో పాదంలో మాట్లాడేది మీ తమ్ముడని అనుకుందాం.

మారతహళ్లి నుంచి:
ఆంగ్ల మసలు నీకు నబ్బదు పొమ్మన్న
మేనమామ పలుకు మేలు గూర్చె;
కాన్ఫిడెన్సు తెచ్చెఁ గసిరేపి యా మాట
పిరికిమందు పోసి వీరుఁ జేసె.

హెబ్బాళ నుంచి:
'కాన్ఫిడెన్సు' బదులు 'గుండెదిటవుఁ దెచ్చెఁ గొరడాగ నా మాట' అంటే అచ్చతెలుగు అవుతుంది. యతి కూడా కుదురుతుంది.

నిర్వాహకుడు:
అక్కగారి పాదం అందంగా ఉంది. అయినా ఇంగ్లీషుకు భయపడినవాడి పద్యంలో ఆ ఇంగ్లీషు మాటే రెండు సూర్యగణాల్లో ఒదిగి కూర్చోవడం నాకు ఇష్టం. దాన్ని ఉంచుతాను. భావం దగ్గర మాత్రం నాకు గట్టి అభ్యంతరం ఉంది. ఎద్దేవా చేస్తే ఒకడు కసితో లేచి నిలబడవచ్చు. పదిమంది నోరు విప్పడమే మానేస్తారు. తమ్ముడూ, నిజంగా నీకు ధైర్యం వచ్చింది మామ మాటవల్లేనా?

మారతహళ్లి నుంచి:
కసి వచ్చింది గాని మీటింగులో నోరు పెగలలేదండీ. మా రూమ్మేటు రోజూ రాత్రి, మర్నాడు నేను చెప్పవలసిన నాలుగు వాక్యాలూ నాచేత పలికించేవాడు. తప్పు పోతే నవ్వేవాడు కాదు, మళ్లీ చెప్పమనేవాడు.

నిర్వాహకుడు:
ఆ రూమ్మేటు మీద రాయి నాయనా! మామను వదిలెయ్.

మల్లేశ్వరం నుంచి, ఒక పెద్దాయన:
కోఁతిమూఁక కెల్లఁ గొండంత దిగులాయెఁ
గడలిఁ జూడ; హనుమ గతము వినెను;
నూఱు యోజనముల నురుగుల సంద్రమే
పిరికిమందు పోసి వీరుఁ జేసె.

నిర్వాహకుడు:
నమస్కారం మాస్టారూ. ఈ వారం నాకు అన్నిటికంటే నచ్చిన పూరణ ఇదే. కర్త సముద్రం! అందరికీ పిరికిమందు పోసిందీ, ఒక్కణ్ణి వీరుణ్ణి చేసిందీ ఆ నీళ్లే. పిరికిమందుకు వాడుకలోని అర్థం చెడలేదు, సమస్యా విడిపోయింది.

కిష్కింధాకాండలో ఈ ఘట్టం ఎంత పకడ్బందీగా ఉంటుందో చూడండి. గజుడు 10 యోజనాలు దూకగలనంటాడు. అలా పెరుగుతూ జాంబవంతుడు 90 దగ్గర ఆగుతాడు. అంగదుడు 100 దాటగలడు, తిరిగి రావడమే అనుమానం. అప్పుడు జాంబవంతుడు పక్కన మౌనంగా ఉన్న హనుమంతుడి దగ్గరికి వెళ్లి, చిన్ననాడు సూర్యుణ్ణి పండనుకొని 300 యోజనాలు ఎగిరిన సంగతి గుర్తుచేస్తాడు. ఎదుట ఉన్నది 100. ఇక హనుమంతుడికి సందేహం ఎక్కడిది? పొగడ్త కూడా ఉంది, కాని పనిచేసింది ఆ లెక్క.

అందుకే 'గతము వినెను' అన్న రెండు మాటలతో సరిపెట్టడం నాకు లోటుగా అనిపించింది. ఆటవెలదిలో అంత కథ పట్టదు. జాంబవంతుడి మాటలన్నీ నాలుగు సీసపాదాల్లో పెట్టి, ఈ ఆటవెలదినే సీసం చివర వచ్చే ఎత్తుగీతిగా ఉంచితే?

మల్లేశ్వరం నుంచి, ఒక పెద్దాయన:
సీసం మొదలుపెట్టాను. మూడో పాదం దగ్గర 300 యోజనాలు ఇంద్రగణాల్లో ఇమడటం లేదు. రెండు రోజులు గడువివ్వండి.

నిర్వాహకుడు:
తప్పకుండా. ఈలోగా మిగిలినవారికి దత్తపది, అంటే ఇచ్చిన మాటలన్నీ ఒకే పద్యంలో ఇమడ్చాలి: విల్, చీర్, స్పర్, హోప్. ఇంగ్లీషులో నాలుగూ ధైర్యానికి, సంకల్పానికి సంబంధించినవే. ఆ అర్థంలో వాడకూడదు, తెలుగు మాటల్లో కలిసిపోవాలి. 'పరస్పర'లో ఒకటి దొరుకుతుంది, మిగిలినవి మీరే వెతకండి. వస్తువు ఉత్తరగోగ్రహణం (ఉత్తరుడూ బృహన్నలా యుద్ధానికి వెళ్లిన ఘట్టం), ఛందస్సు మీ ఇష్టం. ఆదివారం రాత్రిలోగా పంపండి.