'డెత్ మాగ్నెటిక్' తొలి సమీక్షల్లో సౌండ్ లోపాన్ని పట్టుకున్నవి ఏవి?

హెవీ మెటల్ బృందం మెటాలికా 2008లో తెచ్చిన 'డెత్ మాగ్నెటిక్' ఆల్బమ్‌ను చాలామంది విమర్శకులు పునరాగమనంగా మెచ్చుకున్నారు. 2003 నాటి 'సెయింట్ ఆంగర్'లో లేని గిటార్ సోలోలు తిరిగొచ్చాయి మరి! కానీ సీడీలో శబ్దాన్ని విపరీతంగా పెంచడంతో డ్రమ్ దెబ్బల పీక్‌లు (శబ్దం గరిష్ఠంగా లేచే చోట్లు) తెగిపోయి గరగరమంటాయి. వాల్యూమ్ తగ్గించినా అది పోదు. గిటార్ హీరో వీడియో గేమ్‌లోని వెర్షన్‌లో ఈ తెగుడు చాలా తక్కువ. రెండింటినీ పోల్చేముందు సగటు లౌడ్‌నెస్ సమం చేయాలి, లేకపోతే బిగ్గరగా ఉన్నదే బాగున్నట్టు చెవి మోసపోతుంది. తర్వాత స్నేర్ డ్రమ్ మీద దృష్టి పెట్టి వినండి.

విడుదలైన వారంలోనే ఈ లోపాన్ని గుర్తించి, పాటల నాణ్యతను దానితో కలపకుండా విడిగా తూచిన సమీక్షలు ఏవి? పత్రిక పేరు, సంచిక తేదీ చెప్పగలరా? స్టార్ రేటింగులు అక్కర్లేదు. సమీక్షకుడు విన్నది సీడీనా, ముందస్తు కాపీనా అన్నది తెలిస్తే మరీ మేలు.