తొలిసారి బాడీబిల్డింగ్ పోటీకి దిగేవారికి కోచ్ అవసరమా?

ప్రశ్న:
సభ్యులందరికీ నమస్కారం. కొన్నేళ్లుగా క్రమం తప్పకుండా జిమ్ చేస్తున్నాను. వచ్చే సీజన్‌లో మెన్స్ ఫిజిక్ విభాగంలో (మోకాళ్ల దాకా నిక్కరు వేసుకుని, మరీ భారీ కండలు లేకుండా తీరైన శరీరాన్ని చూపే విభాగం) మొదటిసారి పోటీ చేయాలనుకుంటున్నాను. ప్రస్తుతం నా బరువు 84 కిలోలు. కేలరీల లెక్క, ప్రోటీన్ లెక్క నాకు తెలుసు, డైట్ చార్టులు కోరినన్ని దొరుకుతున్నాయి. ఇంత తెలిసినవాడికి కోచ్ దండగ ఖర్చు అని మిత్రులు అంటున్నారు. అనుభవం గల కోచ్ అదనంగా ఏమి చేస్తారో, అటువంటి వారిని ఎలా గుర్తించాలో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

మొదటి సమాధానం:
మీ మిత్రుల మాటలో సగం నిజముంది. చార్టు కోసమే అయితే కోచ్ అక్కర్లేదు. వారానికి శరీర బరువులో 0.5 నుంచి 1 శాతానికి మించి తగ్గకూడదనీ, కొవ్వును మినహాయించిన బరువులో ప్రతి కిలోకు 2.3 నుంచి 3.1 గ్రాముల ప్రోటీన్ ఉండాలనీ చెప్పే సూచనలు అందరికీ అందుబాటులోనే ఉన్నాయి. అసలు చిక్కు ఆ లెక్క పనిచేయడం మానేసినట్టు కనిపించిన రోజున మొదలవుతుంది. సగం దారిలో పది రోజులపాటు బరువు కదలలేదనుకోండి. ఆకలితో, అరకొర నిద్రతో ఉన్న మనిషి ఆ రాత్రికే తిండిలో మరికొంత కోసేసి, మరునాటి నుంచి కార్డియో పెంచేస్తాడు. నిజానికి లోపల కొవ్వు కరుగుతూనే ఉండి, ఒంట్లో నిలిచిన నీరు ఆ తగ్గుదలను తూకంలో కనబడనీయకపోవచ్చు. అనుభవమున్న కోచ్ ఒక్కరోజు తూకాన్ని నమ్మరు. వారం సగటు బరువును, నడుము కొలతను, ఒకే వెలుతురులో ఒకే సమయానికి తీసిన ఫొటోలను పక్కపక్కన పెట్టి చూస్తారు, ఎత్తే బరువులు పడిపోతున్నాయా అని అడుగుతారు, ఆ తరువాత చాలాసార్లు ‘ఏమీ మార్చవద్దు, మరో నాలుగు రోజులు ఆగండి’ అంటారు. మనం ఇచ్చే ఫీజులో ఎక్కువ భాగం ఈ ఆగమన్న మాటకే చెల్లుతుందని నా అభిప్రాయం.

అద్దం కూడా మనల్ని మోసం చేస్తుంది. తొలిసారి దిగేవారు తమ కండను ఎక్కువగానూ, తగ్గవలసిన కొవ్వును తక్కువగానూ అంచనా వేసుకోవడం సర్వసాధారణం. ఆరు కిలోలు తగ్గితే చాలని మీరు అనుకుంటూ ఉండవచ్చు. నడుము దగ్గర, వీపు కింది భాగంలో గీతలు తేలడానికి పన్నెండు కిలోలు తగ్గవలసి వస్తే, వారానికి అరకిలో చొప్పున 24 వారాలు పడుతుంది. ఈ తేడా పోటీకి పది వారాల ముందు తెలిస్తే కండను కూడా కరిగించుకోవడం తప్ప వేరే దారి ఉండదు. అందుకే తేదీ ఖరారు చేసుకోకముందే బయటి కన్ను ఒకటి అవసరం.

రెండో సమాధానం:
పై సభ్యులు చెప్పినదానితో ఏకీభవిస్తున్నాను. కాకపోతే జడ్జీల బల్ల దగ్గర కూర్చునే నాకు ముందుగా కనిపించేది పోజింగ్, అంటే స్టేజ్ మీద శరీరాన్ని చూపే భంగిమలు. మంచి శరీరం ఉండి కూడా క్వార్టర్ టర్న్ (అన్ని వైపులా కనిపించేలా పావు వంతు చొప్పున తిరగడం) తిరిగేటప్పుడు వీపు వదిలేసేవారు, పక్క పోటీదారును పిలవగానే తమ పని అయిపోయిందనుకుని పొట్ట జారవిడిచేవారు ప్రతి వరుసలోనూ ఉంటారు. వరుసలో నిలబడ్డంతసేపూ జడ్జీలు చూస్తూనే ఉంటారన్న సంగతి వారికి ఎవరూ చెప్పి ఉండరు. స్టేజ్ మీద అద్దం ఉండదు కాబట్టి, అద్దం లేకుండా సాధన చేయించి, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో కూడా నేర్పేవారు కావాలి.

కోచ్‌ను ఎంచుకునేటప్పుడు ఆయన సొంత ట్రోఫీలు చూసి మురిసిపోకండి. గెలిచిన ప్రతివారికీ నేర్పడం రాదు. ఆయన శిష్యుల్లో మీ విభాగంలోనే పోటీ చేసినవారితో, ముఖ్యంగా ఓడిపోయినవారితో మాట్లాడండి. ముగ్గురు శిష్యుల చేతిలో ఒకే డైట్ కాగితం ఉంటే అక్కడి నుంచి వచ్చేయండి. మొదటి పరిచయంలోనే రక్తపరీక్షల ఫలితాలు అడిగేవారు మేలు. మూత్రం ఎక్కువగా పోయే మాత్రలు, థైరాయిడ్ మందులు చేతిలో పెట్టేవారు ఎంత పేరున్నవారైనా వద్దు. 1992లో మొహమ్మద్ బెనజీజా అనే ప్రసిద్ధ పోటీదారు నెదర్లాండ్స్‌లో పోటీ గెలిచిన కొద్ది గంటలకే మరణించాడు. అటువంటి మందులతో ఒంట్లోని నీటిని తోడేయడమే అందుకు కారణమని చెబుతారు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మొత్తం కాలానికి ఫీజు భరించడం నాకు కష్టం. చివరి వారం ఒక్కటే కోచ్ సాయం తీసుకుంటే సరిపోతుందా?

మొదటి సమాధానకర్త:
డబ్బు తక్కువగా ఉంటే సరిగ్గా దానికి వ్యతిరేకంగా చేయండి. చివరి వారంలో ఎవరూ కొవ్వు కరిగించలేరు, చెడగొట్టడం మాత్రం తేలిక. కండలో సుమారు నాలుగింట మూడు వంతులు నీరే. కండలో నిల్వ ఉండే ప్రతి గ్రాము గ్లైకోజెన్ (మనం తిన్న పిండిపదార్థాల నిల్వ రూపం) సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. చర్మం కింది నీరు మాత్రమే పోతుందని ఆశపడి నీళ్లు మానేస్తే కండలోని నీరు కూడా పోతుంది, దానితో కండలు ఫ్లాట్‌గా, నిండుదనం లేకుండా కనబడతాయి, తెరవెనుక ఎంత ప్రయత్నించినా పంప్ (వ్యాయామంతో రక్తం చేరి కండ ఉబ్బడం) రాదు. మీ పరిస్థితిలో మొదట ఒకసారి అంచనా వేయించుకోవడానికి, తరువాత నెలకొకసారి ఫొటోలు చూపించుకోవడానికి, మధ్యలో కొన్ని పోజింగ్ తరగతులకు ఖర్చు పెట్టడం మేలు. కండలు నిండుగా కనబడేందుకు పోటీ ముందు రోజుల్లో పిండిపదార్థాలు పెంచే పద్ధతిని పోటీకి రెండు మూడు వారాల ముందే ఒకసారి పరీక్షించి, శరీరం ఎలా స్పందించిందో రాసిపెట్టుకోండి. అప్పుడు చివరి వారంలో కొత్త ప్రయోగం చేయవలసిన పని ఉండదు.

మరొక మాట. పోటీ ముగిసిన రాత్రి నుంచి ఆకలి అదుపు తప్పి, రెండు మూడు వారాల్లోనే బరువు విపరీతంగా పెరిగి, కాళ్లు వాచేవారు ఉన్నారు. ఫీజు మాట్లాడుకునేటప్పుడే పోటీ తరువాతి నాలుగైదు వారాలను కూడా అందులో చేర్చమని అడగండి. ఆ వారాల్లో తిండిని ఏ వరుసలో పెంచుతారో చెప్పలేక తటపటాయించే కోచ్ అయితే మరొకరిని చూసుకోండి.