బాప్తిస్మం పొందని మా నాయనమ్మ, నిత్యశిక్ష: ఒక సందేహం

ప్రశ్న (సందేహి):

మా నాయనమ్మ గత వేసవిలో కన్నుమూసింది. ఆమె బాప్తిస్మం పొందలేదు. అయితే మా అమ్మ కోడలిగా వచ్చి చర్చికి వెళ్లడం మొదలుపెట్టిన నాటి నుంచి, అన్నం వండే ప్రతి పూటా చేటలోంచి పిడికెడు బియ్యం తీసి పొయ్యి పక్కనున్న డబ్బాలో వేసి, ఆదివారం ఉదయం "మీ దేవుడి బియ్యం మరిచిపోకే" అంటూ ఆ డబ్బాను తానే అమ్మ చేతికి అందించేది. జ్ఞాపకార్థ కూడికలో వాక్యం చెప్పిన సేవకుడు, రక్షణ పొందకుండా చనిపోయినవారు ఇప్పటికే నరకాగ్నిలో ఉన్నారనీ, ఆ వేదనకు అంతం లేదనీ ప్రసంగించారు. ఆయన ఎవరి పేరూ ఎత్తలేదు గానీ, ముందు వరుసలో కూర్చున్న మా నాన్నగారు కూడిక ముగిసేవరకు తలెత్తలేదు.

నేను విశ్వాసినే. దేవుడు తీర్పు తీరుస్తాడన్న మాట నాకు ఇబ్బంది కలిగించదు. పేదవాణ్ణి తొక్కినవాడు ఎప్పుడో ఒకప్పుడు లెక్క అప్పగించవలసిందే. డెబ్బై ఎనభై ఏళ్ల బతుకుకు అంతం లేని శిక్ష ఎలా న్యాయమవుతుందన్నదే నాకు అంతుపట్టడం లేదు.

సమాధానం (పాత నిబంధన విద్యార్థి):

ముందు మాటలను విడదీసి చూడాలండీ. చనిపోయినవారు ఉండే లోకానికి హీబ్రూలో ఉన్న షెయోలు, గ్రీకులో ఉన్న హేడీసు అన్న మాటలకు మన తెలుగు బైబిలు సాధారణంగా పాతాళమని వాడుతుంది. శిక్షాస్థలాన్ని సూచించే గెహెన్నాకు మాత్రమే నరకమని వాడుతుంది. 1611 నాటి ఇంగ్లీషు బైబిలు ఈ మూడింటికీ చాలాచోట్ల ఒకే మాట వాడి కలిపేసింది గనుక, ఈ విషయంలో మనవారే మెరుగు. లూకా 16లో, తన వాకిట పడి ఉన్న పేద లాజరును పట్టించుకోని ధనవంతుడు చనిపోయాక బాధపడేది "పాతాళములో". ప్రకటన 20 ప్రకారం అగ్నిగుండం అంతిమ తీర్పు తరువాతి మాట. "ఇప్పటికే నరకాగ్నిలో ఉన్నారు" అన్న ప్రసంగం ఈ రెండింటినీ కలిపేసింది.

గెహెన్నా అంటే యెరూషలేము పక్కనే ఉన్న హిన్నోము లోయ. అక్కడ పిల్లలను అగ్నికి బలి ఇచ్చేవారు. యోషీయా రాజు ఆ స్థలాన్ని అపవిత్రపరిచి ఆ ఆచారాన్ని ఆపించాడు. అది ఊరి చెత్త నిత్యం తగలబడే దిబ్బ అని మన ప్రసంగాల్లో తరచూ వినబడుతుంది గానీ, ఆ కథ స్పష్టంగా కనిపించేది యేసు కాలానికి దాదాపు 1200 ఏళ్ల తరువాత, యూదు పండితుడు దావీదు కింహి వ్యాఖ్యానంలో.

మరొక చిక్కు మన భాషలోనే ఉంది. పురాణాల నరకంలో పాపి కర్మఫలం తీరేవరకు ఉండి, మళ్లీ జన్మ ఎత్తుతాడు. సలసల కాగే నూనె ఆ పురాణాలు చెప్పే కుంభీపాక నరకానిది; బైబిలులో ఎక్కడా లేదు. మన ప్రసంగీకులు కొందరు ఆ నూనె కొప్పెరను తెచ్చుకున్నారు గానీ, ఆ శిక్షకు ఉన్న గడువును మాత్రం అక్కడే వదిలేశారు.

సమాధానం (కృష్ణాతీరం):

పదాల చర్చ బాగుంది గానీ, మత్తయి 25:46ను దాటవేయలేము. "వీరు నిత్యశిక్షకును నీతిమంతులు నిత్య జీవమునకును పోవుదురు" అన్న ఒకే వాక్యంలో, శిక్షకూ జీవానికీ ఒకే విశేషణం ఉంది. ఒకదాని నిడివి కుదిస్తే రెండోదాన్నీ కుదించాలని అయిదో శతాబ్దంలోనే క్రైస్తవ వేదాంతి అగస్టీను వాదించాడు; ఆ వాదానికి తృప్తికరమైన జవాబు నాకు ఇంతవరకు కనబడలేదు. అయినా లూకా 12లో తెలిసి తప్పినవాడికి అనేక దెబ్బలు, తెలియక తప్పినవాడికి కొద్ది దెబ్బలు అని యేసే చెప్పాడు. అందరికీ ఒకే కొలత అనడం సంప్రదాయ బోధ కూడా కాదు. ఫలానా మనిషి ఎక్కడ ఉన్నదో కూడికలో సూచించే అధికారం మాత్రం ఏ సేవకునికీ లేదు.

సమాధానం (రెండవ మరణం):

కృష్ణాతీరం గారూ, శిక్ష ఫలితం నిత్యమైతే చాలదా? మత్తయి 10:28 ఆత్మనూ దేహాన్నీ నరకంలో "నశింపజేయగల" వాని గురించి చెబుతుంది, నిరంతరం వేధించేవాని గురించి కాదు. పురుగు చావదు, అగ్ని ఆరదు అన్న మాట యెషయా 66 నుంచి వచ్చింది. అక్కడ కాలుతున్నవి కళేబరాలు. అడ్వెంటిస్టు సంఘాలవారు చాలాకాలంగా ఇలాగే బోధిస్తున్నారు. ఆంగ్లికన్ బోధకుడు జాన్ స్టాట్ కూడా 1988లో, తుదితీర్పుగా కాకపోయినా, ఇటువైపే మొగ్గాడు. వారి బాధ పొగ యుగయుగాలు లేస్తుందన్న ప్రకటన 14:11 మా వాదానికి అడ్డుపడుతుందని ఒప్పుకుంటాను.

సమాధానం (సమాధుల పండుగ):

మేము కథోలికులం. నిత్యనరకం మా సత్యోపదేశంలోనూ ఉంది. అయితే తిరుసభ ఎందరినో పునీతులుగా ప్రకటించింది గానీ, ఫలానావారు నరకంలో ఉన్నారని ఎవరి విషయంలోనూ ప్రకటించలేదు. తమ తప్పు లేకుండా సువార్తను ఎరుగనివారు కూడా రక్షణ పొందగలరని రెండవ వాటికన్ మహాసభ 1964లో చెప్పింది. మృతులను స్మరించుకునే నవంబరు 2న మీ నాయనమ్మ గారి సమాధి దగ్గర ఒక కొవ్వొత్తి వెలిగించండి.

సందేహి:

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి నాన్నగారికి లూకా 16 చదివి వినిపించాను. ఆయన చివరివరకు విని, "ఆ ధనవంతుడు అక్కడికి పోయింది బాప్తిస్మం లేకనా, వాకిట్లో పడి ఉన్నవాడికి అన్నం పెట్టకనా?" అని అడిగారు. కృష్ణాతీరం గారూ, దీనికి మీ సమాధానం ఏమిటో తెలుసుకోవాలని ఉంది.