పార్కింగ్‌లో జనరేటర్, పైన డీబీ (ఇంటి ఫ్యూజులు, ఎంసీబీల పెట్టె): మధ్యలో ఏం పెట్టాలి?

అల్వాల్ ఇంటాయన:
జీ ప్లస్ వన్ ఇల్లు, త్రీఫేజ్ మీటరు. మొన్నటి గాలివానకు కొమ్మ విరిగి తీగల మీద పడింది. రాత్రి 9కి పోయిన కరెంటు మర్నాడు మధ్యాహ్నం వచ్చింది. ఇన్వర్టర్ తెల్లారకముందే చేతులెత్తేసింది. నాన్నకు రోజూ నెబ్యులైజర్ పెట్టాలి, ఫ్రిజ్‌లో ఇన్సులిన్ ఉంటుంది. అందుకే 2.8 కేవీఏ పెట్రోలు జనరేటర్ కొన్నాను. వీధి ఎలక్ట్రీషియన్ రెండు కొసలకీ ప్లగ్గులు బిగించిన వైరు తెచ్చి, "మెయిన్ దించి వాషింగ్ మెషీన్ సాకెట్లో గుచ్చండి సార్, ఇల్లంతా వెలుగుద్ది" అన్నాడు. వైరు షూ ర్యాక్ మీద చుట్టి ఉంది. చూస్తుంటే మనసొప్పట్లేదు. వాడొచ్చా?

ఉప్పల్ వైర్‌మన్:
అన్నా, ముందుగాల ఆ వైరు నడిమికి కత్తిరించి పారెయ్. ఒక కొస జనరేటర్ల పెడితే రెండో కొస పిన్నులు బయటనే ఉంటయి, వాటిల 230 వోల్టులు. మెయిన్ దించుడు ఒక్కనాడు యాది మరిస్తే కరెంటు మీటర్ దాటి వీధి ట్రాన్స్‌ఫార్మర్‌కు ఎదురు పోతది. 11 వేలను దించేది, ఎదురు పోతే పెంచుతది గద. స్తంభం ఎక్కినోడు లైను సచ్చిందనుకుంటడు. 22 ఏండ్ల సంది ఇదే పని నాది. ఒకపారి స్తంభం మీద టెస్టర్ పెట్టంగనే వెలిగింది, కింద సందులకెళ్లి జనరేటర్ సప్పుడు. ఆ ఇంటికి పోయి తిట్టిన తిట్లు ఈడ రాయలేను.

ట్రూప్ బజార్ల 32 ఆంపియర్ల టూ పోల్ చేంజోవర్ స్విచ్ తెచ్చుకో. కరెంటు, ఆఫ్, జనరేటర్. రెండూ ఒకేపారి కలువయి. ఫేజ్ ఒక్కటే కాదు, న్యూట్రల్ (కరెంటు తిరిగి పోయే తీగ) గూడ మారాలె. 2.8 కేవీఏ అంటే 12 ఆంపియర్లు, అంతే. ఫ్రిజ్, లైట్లు, ఫ్యాన్లు, నాయిన రూము వరకు చిన్న డీబీకి విడదీపియ్యి. గీజర్, బోరు జోలికి పోకు; మోటరు లేసేటప్పుడు ఐదారింతలు గుంజుతది. అసలు తలనొప్పి న్యూట్రల్, చిన్న డీబీకి అది గూడ వేరేగ ఉండాలె. మా ఓళ్లు ఒక్క న్యూట్రలే నాలుగు రూములకు తిప్పుతరు, దాన్ని విప్పందే పని అయినట్టు కాదు.

కూకట్‌పల్లి మేడమ్:
ఆయన చెప్పిందే కరెక్ట్. జనరేటర్‌లో న్యూట్రల్ బాడీకి కలిపి ఉందో లేదో కూడా చూపించుకోండి. చాలా చిన్నవాటిలో కలపరు. అప్పుడు ఎర్త్ లీకైనా ఈఎల్‌సీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్) పడదు. టెస్ట్ బటన్ నొక్కితే మాత్రం పడుతుంది, దాన్ని చూసి మోసపోకండి. మా ఇన్వర్టర్ మొదట జనరేటర్ కరెంటు తీసుకోలేదు. వెనక స్విచ్‌ను యూపీఎస్ మోడ్ నుంచి నార్మల్‌కు మార్చాక ఛార్జింగ్ ఎక్కింది. పార్కింగ్ మూసేసినట్టుంటే మాత్రం అక్కడ నడపకండి. ఆ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మీ నాన్నగారి గది పైనే కదా.

అల్వాల్ ఇంటాయన:
నిన్న చేయించాను. జనరేటర్ గేటు పక్కకు, ఆరుబయటకు మార్చాం. అనుకున్నట్టే మెట్ల లైటు న్యూట్రల్ పై పోర్షన్‌ది, దాన్ని వదిలేశాం, టార్చి ఉంది. వైరు కత్తిరించాను అన్నా. ప్లగ్గులు మాత్రం దాచుకున్నా, కొత్తవి కదా.