‘వీల్‌ఛైర్‌కే పరిమితం’: ఈ ‘కే’ గురించి కొంత చర్చ

చర్చకు పెడుతున్న వాక్యం:

“ప్రమాదంలో కాళ్లు చచ్చుబడిన కథానాయకుడు వీల్‌ఛైర్‌కే పరిమితమవుతాడు.”

టీవీ సీరియళ్ల కథాసంగ్రహాల్లోనూ సినిమా సమీక్షల్లోనూ వార్తల్లోనూ ఈ అచ్చులో పోసిన వాక్యం మనకు తరచుగా ఎదురవుతుంది. ‘వికలాంగుడు’ అనాలా, ‘దివ్యాంగుడు’ అనాలా, ‘విభిన్న ప్రతిభావంతుడు’ అనాలా అన్న చర్చ నా ఉద్దేశం కాదు. మనిషికి పెట్టే పేరు మీద ఇప్పటికే చాలా చర్చ జరిగింది. మనిషికీ కుర్చీకీ మధ్య మనం వాడుతున్న క్రియ మీద మాత్రం ఎవరూ పెద్దగా దృష్టి పెట్టినట్లు లేదు.

‘కుర్చీకే’ అన్నప్పుడు చివర ఉన్న ఏకారం అవధారణార్థకం. అంటే ఆ ఒక్కటి తప్ప మరొకటి లేదని నిర్ధారించి చెప్పేది. దాని పక్కన ‘పరిమితం’ చేరింది, అంటే కొలిచి హద్దు గీసినది. ఈ రెండూ కలిసి, కుర్చీ అంచు దగ్గర ఆ మనిషి లోకం ముగిసిందని చెబుతున్నాయి. ‘మంచానికే పరిమితమయ్యాడు’ అన్న మాటతో నాకు పేచీ లేదు, ఎందుకంటే మంచం దిగలేని మనిషి విషయంలో అది నిజం. అయితే ఆ మంచం దిగి గడప దాటడానికి వాడే సాధనమే వీల్‌ఛైర్. మంచం మీద చెల్లిన మాటను, మంచం నుంచి విడిపించిన వస్తువుకు తగిలించడంలో అర్థం పూర్తిగా తలకిందులైంది. ఇందులో మర్యాద సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు ఆ మాట అబద్ధం.

ఇది ఒక్క మాటతో ఆగితే ఇంత రాయనక్కరలేదు. ఈ మాట కథను కూడా ముందే రాసిపెడుతోందని నా అభిప్రాయం. కుర్చీ చెర అయితే, కథకు మిగిలే మలుపు విడుదల ఒక్కటే. కాబట్టి పాత్ర లేచి నిలబడాలి, లేదా చావాలి. యోహానా స్పైరి ‘హైదీ’ రెండో భాగంలో 1881లోనే క్లారా కొండ మీద లేచి నడిచింది; ఆమె కుర్చీని అంతకుముందే పీటర్ లోయలోకి తోసేశాడు. బ్రిటిష్ సీరియల్ ‘డౌన్‌టన్ ఆబీ’ 2011లో ప్రసారమైన రెండో సీజన్‌లో, మొదటి ప్రపంచయుద్ధంలో గాయపడిన మాథ్యూ క్రాలీ ఇక నడవలేడని వైద్యుడు చెబుతాడు. పెళ్లి, వారసత్వం, సంతానం అన్నీ ఆ ఒక్క మాటతో ప్రశ్నార్థకమవుతాయి. కొన్ని భాగాలు గడిచాక, కాబోయే భార్య లవీనియా చేతిలో పళ్లెంతో తూలబోతే ఆమెను పట్టుకోవడానికి అతను అప్రయత్నంగా లేచి నిలబడతాడు. వెన్నుపాము తెగలేదు, కమిలింది మాత్రమే అని తేలుతుంది. ఒక సమస్యను ఇంతమంది పాత్రల జీవితాల్లోకి పాకించి, చివరికి పళ్లెం ఒకటి తూలడంతో తేల్చేయడం నాకు రచనాపరంగా కూడా బద్ధకంగానే తోచింది.

దీనికంటే చిక్కైన ఉదాహరణ అమెరికన్ సీరియల్ ‘గ్లీ’. ఒహాయోలోని ఒక హైస్కూలు గానబృందం కథగా అది 2009 నుంచి 2015 వరకు నడిచింది. అందులో ఆర్టీ ఏబ్రమ్స్ ఎనిమిదేళ్ల వయసులో కారు ప్రమాదం జరిగినప్పటి నుంచి వీల్‌ఛైర్ వాడుతుంటాడు. గిటారు వాయిస్తాడు, పాడతాడు, ప్రేమిస్తాడు, అలుగుతాడు, నాటకానికి దర్శకత్వం వహిస్తాడు, చివరికి సినిమా చదువుకు న్యూయార్క్ వెళ్తాడు. అంటే ఆ బృందంలో బాగా ‘తిరిగిన’వాళ్లలో అతనొకడు. అయినా రచయితలు అతన్ని లేపి నిలబెట్టాలన్న కోరికను ఆపుకోలేకపోయారు. 2010లో ఒక భాగంలో అతను షాపింగ్ మాల్ మధ్యలో లేచి గుంపుతో కలిసి నాట్యం చేస్తాడు, అది పగటికల. అదే ఏడాది క్రిస్మస్ భాగంలో కాళ్లకు తొడిగే యంత్రం కానుకగా వస్తుంది, అతను నాలుగడుగులు వేస్తాడు. 2012 డిసెంబరు భాగంలో ప్రమాదమే జరగని జీవితాన్ని కలగంటాడు. నిజానికి ఈ మూడో కలే ఆసక్తికరమైనది, ఎందుకంటే ఆ లోకంలో గానబృందమే ఉండదు. అందరినీ కలిపి ఉంచింది తానేనని అతనికి అప్పుడు తెలుస్తుంది. ఒకే పాత్ర మీద ఒకే కల మూడుసార్లు పడితే, ఆ కల పాత్రదా, రాసినవారిదా అని అడగాలి కదా.

ఆర్టీగా నటించిన కెవిన్ మెక్‌హేల్ నడవగలిగిన మనిషి, పైగా నాట్యం తెలిసినవాడు. కలల దృశ్యాలు సాధ్యమైనది అందువల్లే. వీల్‌ఛైర్ వాడే అలీ స్ట్రోకర్ అదే సీరియల్‌లో 2013లో చిన్న పాత్రలో కనిపించింది. 2019లో ఆమె రంగస్థలంపై టోనీ పురస్కారం గెలుచుకుంది. వీల్‌ఛైర్ వాడే నటుల్లో ఆ పురస్కారం పొందిన మొదటి వ్యక్తి ఆమే.

ఇక ఫ్యాన్ ఫిక్షన్, అంటే ఇష్టమైన సీరియళ్లు, సినిమాల పాత్రలతో అభిమానులు రాసుకునే కథలు. టీవీ రచయితలు వదిలిన చోట అభిమానులు అందుకుంటారు కాబట్టి, వాళ్ల కథల్లో ఈ క్రియ ఎలా పనిచేస్తోందో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 2009లో ప్రజలకు తెరిచిన ‘ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్’ అనే వెబ్‌సైట్ వంటి చోట్ల నేను చదివినంతలో మూడు తరహాలు కనిపించాయి. ఒక తరహాలో పాత్రకు నయమైపోతుంది. ఇంకో తరహాలో నడిచే పాత్రను ప్రమాదానికి గురిచేసి కుర్చీలో కూర్చోబెడతారు, ప్రియుడో ప్రియురాలో సేవ చేయడానికి వీలుగా; పదో అధ్యాయానికి సేవ ఫలించి కుర్చీ మాయమవుతుంది. మన సీరియళ్లు చూసేవారికి, ప్రతిలిపిలో ధారావాహికలుగా వచ్చే ప్రేమకథలు చదివేవారికి ఈ రెండో తరహాను పరిచయం చేయనక్కరలేదు. మూడో తరహా కథల్లో కుర్చీ చివరిదాకా ఉంటుంది, అయితే కథ దాని గురించి కాదు. 2011 నాటి ‘ఎక్స్‌మెన్: ఫస్ట్ క్లాస్’ సినిమా చివర సముద్రతీరంలో కథానాయకుల్లో ఒకడైన చార్లెస్ వెన్నులో తూటా దిగుతుంది. ఆ తూటాను తప్పించి రాసిన అభిమానులున్నారు. దాన్ని అలాగే ఉంచి, అతని పాత భవంతికి ర్యాంపులు ఎవరు కట్టించారు, పై అంతస్తు గదిని ఎవరు వదులుకున్నారు అని రాసినవారూ ఉన్నారు. నా ఓటు రెండోవారికే.

ఒక సభ్యుని అభ్యంతరం:

అయ్యా, భాషలో లాక్షణిక ప్రయోగం అన్నది ఒకటి ఉంటుంది. ‘ఉద్యోగం మానేసి ఇంటికే పరిమితమైంది’ అంటే ఆమెను గొలుసులతో కట్టేశారని ఎవరూ అనుకోరు. రెండో సంగతి, ‘మూకం కరోతి వాచాలం పంగుం లంఘయతే గిరిమ్’ అని ధ్యానశ్లోకం చదువుకునేవాళ్లం మనం. నడవలేనివాడు నడవాలని కోరుకోవడం కరుణే అవుతుంది. కథలో ఆ కోరిక తీరితే దాన్ని తప్పుపట్టడం నాకు కఠినంగా తోస్తోంది.

చర్చ ప్రారంభించినవారి జవాబు:

మొదటిదానికి చిన్న జవాబు. ‘ఇంటికే పరిమితమైంది’ అన్నప్పుడు ఆమె బయటికి పోవడం మానేసిందన్న వాస్తవం ఆ మాట వెనుక ఉంది. వీల్‌ఛైర్ విషయంలో వాస్తవం దానికి వ్యతిరేకం. లక్షణార్థానికైనా ముఖ్యార్థంతో ఏదో ఒక సంబంధం కావాలని మన ఆలంకారికులే చెప్పారు.

శ్లోకం మీరు తెచ్చినందుకు సంతోషం, ఎందుకంటే దాని వ్యాకరణమే నా వాదానికి సాక్ష్యం. ‘పంగుం’, అంటే నడవలేనివాణ్ణి, ద్వితీయా విభక్తి. ‘లంఘయతే’ ప్రేరణార్థకం, అంటే దాటిస్తుంది. దాటించేది ‘యత్కృపా’ అన్నచోట ఉన్న కృప. అది దేవుణ్ణి స్తుతించే శ్లోకం కాబట్టి కృప కర్తగా, పంగువు కర్మగా ఉండడం సహజమే. శ్లోకం మీద నాకే ఫిర్యాదూ లేదు. ఆ వాక్యనిర్మాణాన్ని సీరియల్ యథాతథంగా తెచ్చుకుని, కృప స్థానంలో నాయిక త్యాగాన్నో తల్లి మొక్కునో పెట్టినప్పుడే చిక్కు. లేచి నిలబడిన మాథ్యూ కూడా అక్కడ కర్మకారకమే. అతన్ని లేపింది లవీనియా తూలడం.

మన పాత వాఙ్మయంలోనే దీనికి భిన్నమైన దారి ఉంది. అమరకోశంలో సూర్యుని సారథి పేర్లు చూడండి: ‘సూరసూతోఽరుణోఽనూరుః కాశ్యపిర్గరుడాగ్రజః’. అయిదు పేర్లు. ఒకటి చేసే పని, ఒకటి రంగు, ఒకటి తండ్రి, ఒకటి తమ్ముడు. ఒక్క ‘అనూరుడు’ మాత్రమే ఊరువులు, అంటే తొడలు, లేవని చెబుతుంది. తల్లి వినత తొందరపడి గుడ్డు పగలగొట్టడం వల్ల సగం దేహంతోనే పుట్టిన కథ నన్నయ ఆదిపర్వంలో ఉంది. అయినా రోజూ ఆకాశమంతా తిరిగే ఆ సారథిని ‘రథానికే పరిమితమైన అరుణుడు’ అని ఏ కవీ అన్నట్లు నాకు తెలియదు. అతనికి నయం చేసే ఘట్టం కూడా ఆ కథలో లేదు. లేని కాళ్లు లేకుండానే ఉండిపోయాయి, రథం నడిచింది.

మరొక సభ్యురాలి మాట:

అనూరుణ్ణి మరీ ఆదర్శంగా నిలబెట్టకండి. పుట్టగానే అతను చేసిన మొదటి పని తల్లిని శపించడం, అయిదువందల ఏళ్లు సవతికి దాసివై పడి ఉండమని. ఆ కోపం కూడా కథలో భాగమే. అయితే అందుకే నాకు ఆ పాత్ర నచ్చుతుంది, ఎందుకంటే టీవీలో వీల్‌ఛైర్ వాడేవాళ్లకు కోపం రావడానికి వీల్లేదు. వస్తే వాళ్లు ప్రతినాయకులై ఉండాలి.

నేను చాలా ఏళ్లుగా వీల్‌ఛైర్ వాడుతున్నాను కాబట్టి రెండు మాటలు చెబుతాను. మన సీరియళ్లలో కనిపించే కుర్చీ ఎప్పుడూ ఆసుపత్రి గుమ్మం దగ్గర ఉండేదే: వెడల్పాటిది, బరువైనది, వెనుక నుంచి ఎవరో ఒకరు తోయాల్సినది. రోజంతా వాడే మనిషి కుర్చీ వారి నడుము కొలతకు, చేతుల పొడవుకు తగ్గట్టు ఉంటుంది. చక్రానికి ఉన్న రింగు పట్టుకుని తామే నడుపుకుంటారు. కోటీశ్వరుడి పాత్రకు కూడా ఆసుపత్రి కుర్చీయే ఇస్తారంటే, ఆ కుర్చీని వస్తువుగా కాక శిక్షగా చూపుతున్నారన్నమాట. ఇక ఆ ఇళ్లలో గుమ్మాలకు గడపలుండవు, స్నానాలగది ప్రసక్తే రాదు. నాకు రోజులో ఎక్కువ ఆలోచన పట్టే విషయాలు అవే.

మరొకటి. నేను కొద్దిసేపు నిలబడగలను, ఆసరా ఉంటే కొన్ని అడుగులు వేయగలను. నాలాంటివాళ్లు చాలామంది ఉన్నారు. తెర మీద మాత్రం కుర్చీలోంచి లేచిన మనిషి అయితే అద్భుతం, లేకపోతే దొంగ. అందరూ వెళ్లిపోయాక తలుపు గడియ వేసుకుని, నవ్వుతూ లేచి నిలబడే కుట్రదారును చూపించి చూపించి, బయట నేను అల్మారాలో వస్తువు అందుకోవడానికి లేస్తే జనం అదోలా చూసే పరిస్థితి తెచ్చారు. ‘కే పరిమితం’ అన్న మాటకు ఈ అనుమానంలోనూ వాటా ఉంది: పూర్తిగా అందులోనే ఉండాలి, లేకపోతే అబద్ధం.

చర్చ ప్రారంభించినవారి జవాబు:

అమ్మా, మీ ‘శిక్షగా చూపడం’ అన్న మాటకు బ్రిటిష్ టీవీ నుంచి ఒక ఉదాహరణ చేరుస్తాను. ‘డాక్టర్ హూ’లో డావ్రోస్ అనే దుష్టపాత్ర 1975 నుంచీ చక్రాల కుర్చీ వంటి వాహనంలోనే కనిపించేవాడు. 2023లో ఒక చిన్న ప్రత్యేక దృశ్యంలో అతన్ని మామూలుగా నిలబడి ఉన్నవాడిగా చూపారు. వైకల్యాన్ని దుష్టత్వానికి గుర్తుగా వాడే అలవాటు వద్దనుకున్నామని నిర్మాత రసెల్ టి డేవిస్ వివరించాడు. ఆ సంవత్సరమే రూత్ మాడ్లీ నటించిన షర్లీ అనే శాస్త్రసలహాదారు పాత్ర వీల్‌ఛైర్‌లో వచ్చింది. కథలోని కాలయంత్రానికి ర్యాంపు కూడా అమర్చారు. దుష్టుడి కుర్చీ తీసేయడం కంటే ర్యాంపు పెట్టడమే నాకు పెద్ద మార్పుగా తోచింది. మొదటిది ఒక గుర్తును చెరిపింది, రెండోది తలుపు తెరిచింది.

మన దేశంలో కూడా ఇది న్యాయస్థానం దాకా వెళ్లిన విషయమే. ‘ఆంఖ్ మిచోలీ’ అనే హిందీ సినిమాపై వచ్చిన కేసులో సుప్రీంకోర్టు 2024 జులైలో తీర్పు చెబుతూ, దృశ్యమాధ్యమాల్లో వైకల్యాన్ని చూపే తీరుపై మార్గదర్శకాలిచ్చింది. ‘పీడితుడు’, ‘బాధితుడు’ వంటి అర్థాలిచ్చే మాటలు సమస్యనంతా ఆ వ్యక్తి ఒంట్లోనే ఉంచి, సమాజం పెట్టిన అడ్డంకులను కనబడనీయవని పేర్కొంది. మన ‘పోలియో బాధితుడు’ సరిగ్గా ఆ కోవలోదే. ‘కే పరిమితం’ కూడా. మూడు మెట్లున్న బ్యాంకు ముందు ఆగిపోయిన మనిషిని ఆపింది కుర్చీయా, మెట్లా?

మొదటి సభ్యుని మరో ప్రశ్న:

సరే, మాట మార్చుకుందాం. ‘వీల్‌ఛైర్ వాడుతుంటాడు’ అని రాస్తే వాక్యం చప్పగా లేదా? ‘పరిమితం’లో ఒక విషాదం ఉంది, పాఠకుణ్ణి పట్టుకుంటుంది. పైగా ‘నడిచి వచ్చాడు’ అనే చోట కథకుడు ఏమని రాయాలి? ‘దొర్లుకుంటూ వచ్చాడు’ అంటే నవ్వు వస్తుంది.

చర్చ ప్రారంభించినవారి జవాబు:

ఈ రెండో ఇబ్బంది తెలుగుకు నిజానికి లేదు. మన ‘వచ్చింది’, ‘వెళ్లాడు’, ‘బయలుదేరారు’ అన్న క్రియలు కాళ్లను అడగవు. ‘ఆర్టీ తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు’ అంటే చాలు. ఎలా వచ్చాడన్నది కథకు అవసరమైన చోట ‘కుర్చీ నడుపుకుంటూ’, ‘చక్రాలు తిప్పుకుంటూ’ అనవచ్చు. ‘షికారుకు వెళ్దాం’ అన్న పిలుపు కూడా ఎవరికైనా చెల్లుతుంది.

చప్పదనం గురించి మీరన్నది ఒప్పుకుంటాను. ‘వాడుతుంటాడు’ దగ్గర వాక్యం ఆగితే చప్పగానే ఉంటుంది, ఎందుకంటే అక్కడ ఇంకా కథ మొదలు కాలేదు. ‘పరిమితమయ్యాడు’ అని రాసినవారికి తర్వాతి వాక్యం అవసరం ఉండదు, అదే వారికి దొరికే సౌకర్యం. 1967 నుంచి 1975 దాకా నడిచిన ‘ఐరన్‌సైడ్’ అనే అమెరికన్ సీరియల్‌ను రెండు విధాలుగా పరిచయం చేసి చూడండి. ‘తూటా తగిలి వీల్‌ఛైర్‌కే పరిమితమైన పోలీసు అధికారి కథ’ అన్నది ఒకటి. ‘తూటా దెబ్బ తర్వాత వీల్‌ఛైర్ వాడుతూ, తన కోసం మార్చి కట్టిన వ్యానులో శాన్‌ఫ్రాన్సిస్కో అంతా తిరిగి, పోలీసు శాఖ సలహాదారుగా నేరాలు ఛేదించే అధికారి కథ’ అన్నది మరొకటి. రెండోది కాస్త పొడవైంది. ఆ సీరియల్‌లో ఉన్నది మాత్రం అదే.