ఆక్యుపేషనల్ థెరపీ విద్యార్థులు పోస్టింగుల్లో ఎందుకు తడబడుతున్నారు?

పలమనేరు_విద్యార్థిని: ఆక్యుపేషనల్ థెరపీ చదువుతున్నాను, అంటే రోజువారీ పనులు రోగికి మళ్లీ చేతనయ్యేలా చేసే చికిత్స. తిరుపతిలో ఒక ఆసుపత్రిలో పోస్టింగ్, అంటే రోగుల దగ్గర శిక్షణ, ముగిసింది. తరగతిలో మంచి మార్కులే. వార్డులో పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయిన పెద్దాయన ముందు మాత్రం నోరు పెగల్లేదు. ఎడమచేత్తో చెంచా పట్టించడం చదువుకున్నాను. ఆయనేమో ఎడమచేత్తో అన్నం ముట్టనన్నారు. అప్పుడేం చేయాలో ఎవరూ నేర్పలేదు.

పాత_థెరపిస్టు: సాధన చాలదమ్మా. ప్రపంచ ఆక్యుపేషనల్ థెరపిస్టుల సమాఖ్య కనీసం 1000 గంటల క్షేత్రశిక్షణ ఉండాలంటుంది. హాజరు వేయించుకుని వెళ్లిపోతే చేతికి పని ఎలా వస్తుంది?

తిరుచానూరు_వాసి: ఇది ఫిజియోథెరపీ కాదా? మా నాన్నగారికి రెండూ ఒకరే చేశారు.

పలమనేరు_విద్యార్థిని: నన్నూ ఫిజియోథెరపీ విభాగంలోనే వేశారు. మా శాఖ థెరపిస్టు అక్కడ లేరు. రోజంతా మోకాళ్లు వంచి చాచడమే. గుండీలు పెట్టుకోవడం, చీర కట్టుకోవడం, మరుగుదొడ్డిలో కూర్చుని లేవడం రోగికి మళ్లీ అలవాటు చేయడం మా పని. అది ఒక్కసారీ చూడలేదు. ఆ గంటలు మీ వెయ్యిలోకి వస్తాయా సార్?

పాత_థెరపిస్టు: రావు. రోగి దగ్గర మన శాఖ పని చేసిన గంటలే లెక్క.

కాణిపాకం_నాన్న: గంటలు వదిలేయండి. మా బాబుకు సెరిబ్రల్ పాల్సీ, మెదడు దెబ్బతిని కాళ్లూచేతుల కదలిక అదుపులో ఉండదు. వాడు ఒక విద్యార్థికి అలవాటుపడేలోపే పోస్టింగ్ మారుతుంది, కొత్తవారు మళ్లీ మొదటినుంచి అడుగుతారు. మా గోడు ఏ హాజరుపట్టీలో ఉంది?

పాత_థెరపిస్టు: అది వేరే చర్చ. గంటలు పూర్తికావాలి.

పలమనేరు_విద్యార్థిని: పూర్తిచేశాను! చివరిరోజు పత్రంలో 'చొరవ లేదు' అని రాశారు. అంతవరకు ఒక్క మాట చెప్పలేదు. తప్పు చేస్తుంటే ఆపాల్సింది ఎవరు?

పాత_థెరపిస్టు: చెప్పే తీరిక ఎక్కడిది? విద్యార్థులు వచ్చారని నాకు ఒక్క రోగినీ తగ్గించరు. నేర్పినందుకు రూపాయి రాదు. కళాశాలకు కావలసింది నా సంతకం. ముప్పై మంది బయట ఎదురుచూస్తుంటే ఎవరి పక్కన నిలబడను?

పలమనేరు_విద్యార్థిని: మరి సాధన చాలదని నన్నెందుకన్నారు?

కాణిపాకం_నాన్న: అసలు తగవు ఇదే. నేర్పే సమయానికి ఎవరు డబ్బు కట్టాలి? ఫీజు తీసుకున్న కళాశాలే కట్టాలి.

పాత_థెరపిస్టు: కట్టమనండి, నేర్పుతాను. గంటలు మాత్రం తగ్గకూడదు.

పలమనేరు_విద్యార్థిని: తగ్గించమని నేను అడగలేదు సార్. ఆ గంటల్లో మా శాఖవారు ఒకరు పక్కన ఉండాలంటున్నాను.