అప్‌డేట్: ఆడి టీటీ కారుకి నెమలికంఠం రంగే ఖాయం చేశాను

బెంగళూరులో ఉన్న నా పాత వెండి రంగు ఆడి టీటీకి ఆలివ్ గ్రీన్ వేయించాలా, నెమలికంఠం రంగు వేయించాలా అని అడిగాను కదా. మీలో ఒకరు చెప్పింది నిజమే. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని 121వ నిబంధన ప్రకారం ఆలివ్ గ్రీన్ రక్షణ శాఖ వాహనాలకే. దాంతో ఆ ఆలోచన వదిలేశాను.

నెమలికంఠం మాత్రం అద్భుతంగా వచ్చింది! ఇది మూడు దశల పెయింట్. కింద ముదురు నీలం బేస్, దాని మీద ముత్యంలా మెరిసే పెర్ల్ పొర, ఆపైన రంగులేని క్లియర్ కోటు. పెర్ల్ ఎన్ని పొరలు పడితే షేడు అంత మారుతుంది. అందుకే ముందు చిన్న రేకుల మీద కొట్టించి చూశాను. షెడ్‌లో ట్యూబ్‌లైటు కింద మామూలు నీలంలా ఉన్న రేకు, ఎండలోకి తెచ్చి కాస్త వంచగానే పట్టుచీర మడతలా పచ్చగా మెరిసింది. ఇక వేరే రంగు చూడబుద్ధి కాలేదు.

ఒక్క మాట. డోర్ అంచులకీ, బానెట్ లోపలా కూడా వేయించండి. ఖర్చు పెరుగుతుంది, కానీ తలుపు తీయగానే పాత రంగు కనిపిస్తే మనసు చివుక్కుమంటుంది.

మిక్సింగ్ ఫార్ములా రాయించుకున్నాను, రేపు గీత పడితే అదే ఆధారం. ఆర్‌సీలో రంగు మార్పుకి ఆర్టీవోలో దరఖాస్తు పెట్టాను, ఇన్సూరెన్స్ వాళ్లకీ తెలియజేశాను. సలహాలిచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్.